భూటాన్‌కు ముందే బయలుదేరిన సంచి

చేతిలో ఉన్న ఇరానీ చాయ్ మీద ఒట్టు, ఇందులో అక్షరం పొల్లు లేదు. ఈ ఉదయం గచ్చిబౌలిలో ఒక బస్సు వెనకాల భూటాన్ యాత్రల ప్రకటన కనబడింది. కొండ, కొండ మీద మఠం, కింద మా చిన్నక్క ఫోన్ నంబరు. బస్సు కదిలిపోయింది, నేను మాత్రం ఆమె మొదటి యాత్ర రోజు దగ్గరే ఆగిపోయాను.

అప్పట్లో భూటాన్ అంటే మా పుప్పాలగూడలో చాలామందికి పటంలో వేలితో వెతుక్కునే దేశం. అక్క సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి, అక్కడ ఇంటి వెనక గదులు కట్టుకున్న ఒక రైతు దంపతులతో మాట్లాడుకుంది. వాళ్ళకు మొదటి అతిథులూ, అక్కకు మొదటి బృందమూ ఒకరే. ఇది చెడితే మళ్ళీ ఉద్యోగానికే పోతానని ఇంట్లో మాటిచ్చింది. బృందమంతా పుప్పాలగూడలోనే ఒకే అపార్ట్‌మెంటులో ఉండే కర్నూలు వాళ్ళు. ప్రయాణం మంగళవారం పడింది. వాళ్ళలో పెద్దాయన ముందురోజే మంచి గడియ చూసి, ప్రయాణం మొదలైనట్టు లెక్కకు వచ్చేలా ఒక సంచిని ఎదురు ఫ్లాటులో ప్రస్థానం పెట్టాడు. అందరూ బట్టలో బియ్యమో పెడతారు. ఆయన అందరి ఓటరు కార్డులూ పెట్టాడు. పాస్‌పోర్టు లేకున్నా మనవాళ్ళను భూటాన్ గడప దాటించేవి అవే మరి.

తెల్లారేసరికి ఎదురు ఫ్లాటుకు తాళం. ఆ ఇంటమ్మాయి ఫోను లాకర్లో పెట్టి లోపలికి పోవాల్సిన ఉద్యోగానికి వెళ్ళిపోయింది.

“ఏంది సార్, గిట్ల జేస్తిరి?” అంది అక్క.

“మంచి గడియలో పెట్టినానమ్మా, దోషం ల్యా” అన్నాడాయన, తాళం వైపు చూడకుండా.

అక్క బైక్ టాక్సీ ఎక్కింది. వెనకాలే నేను. ఆఫీసు గేటు దగ్గర గార్డు చెయ్యి అడ్డం పెట్టాడు.

“టీ టైముకు వస్తరు మేడం. జర ఆగుండ్రి.”

“టీ టైముకు మా ఇమానం గాల్లో ఉంటది. ఆ పిల్ల బయటికొచ్చేదాక నేనైతే కదల.”

అప్పుడు నేను పక్కనే ఉన్న మిర్చిబజ్జీల బండి మీది గరిటె అందుకొని, మూకుడు మీద వాయించాను. అగ్నిప్రమాదం డ్రిల్లనుకొని అంతస్తులన్నీ ఖాళీ అయ్యాయి. మెడలో కార్డులతో బారులు తీరిన జనంలోంచి ఆ అమ్మాయిని పట్టుకున్నాం. తాళంచెవి తెచ్చాం, విమానం అందింది.

ఆ రైతు ఇల్లు ఇప్పుడు పెద్ద అతిథిగృహం. ఆ ఊళ్ళో ప్రతి గడపకూ గదులు లేచాయి. మా కర్నూలు పెద్దాయన చేసిన ఎండుమిరపకాయల పచ్చడి రుచి చూసి వాళ్ళు, వాళ్ళ మిరపకాయల కూర తిని ఈయన, ఒకరినొకరు మెచ్చుకున్నారట.

ఇక నిజం. మూకుడూ డ్రిల్లూ నా కల్పన. అసలు నేనా గేటు దగ్గరే లేను, ఇంట్లో ముసుగుతన్ని పడుకున్నాను. ఎండలో అక్క ఒక్కతే కదలకుండా నిలబడితే, చివరికి గార్డే విసిగి లోపలికి కబురు పంపాడు. కానీ చెప్పగా చెప్పగా ఈ మధ్య ఆ ఎండ నాకూ గుర్తొస్తోంది. ఇంకొన్నేళ్ళు పోతే, నేను పక్కనే ఉన్నానని అక్క కూడా అంటుందేమో.