ఉన్నావా?

ఆయన పనిచేసేది సొరంగంలో, సీసపు గోడల గదిలో. ఎవరూ చూడకపోయినా, అక్కడా ఇక్కడా పరుచుకున్నట్టుండే అణువులు తమంతట తామే ఒకచోట కుదురుకుంటాయా అన్నది అక్కడి పరీక్ష. కుదురుకుంటే రవ్వంత వెలుగు చిమ్మాలి. ఏళ్లతరబడి కాపు కాసినా యంత్రానికి ఆ వెలుగు చిక్కలేదు. అంటే ఎవరూ చూడనిది అసలు ఉన్నట్టే కాదేమో. అప్పటినుంచీ ఆయనకో అలవాటు పట్టుకుంది. హాల్లో కళ్లద్దాలు తుడుచుకుంటూ, వంటింట్లో ఉన్న భార్యను ఊరూరికే పిలుస్తాడు: “ఇదిగో, ఉన్నావా?” “ఉండక ఆవిరైపోతానా?” అని ఆవిడ విసుక్కుంటుంది.

ఓ సాయంత్రం ఆటపట్టిద్దామని ఆవిడ పలకలేదు. గరిటె పక్కన పెట్టి ఊపిరి బిగబట్టింది. ఆయన గోడ తడుముకుంటూ గుమ్మం దాకా వచ్చాడు, కళ్లు గట్టిగా మూసుకుని. తెరిచి చూసే ధైర్యం లేదు. “ఉన్నావా?” అన్నాడు. ఆవిడకు జాలేసి, “ఇక్కడే ఉన్నానండీ” అంది. పెదవులు కదిలాయి. మాట మాత్రం ఆవిడకే వినబడలేదు.