వీపు మీద అనుమానం

పెంటపాడులో మా ఇంట్లో నన్ను సీఐడీ అంటారు. ఆ పేరు పెట్టింది మా ఆయన. ఆకివీడు నుంచి స్వయంగా ఆయన తెచ్చిన చేపైనా సరే, మొప్ప ఎత్తి చూస్తే గానీ నేను పొయ్యి వెలిగించను.

అలాంటి నాకు, ఎనిమిదో తరగతికి వచ్చిన కూతురు ఇంట్లో కూడా చున్నీ తీయకుండా తిరుగుతుంటే అనుమానం రాదా? వదులు చొక్కాలు తప్ప వేసుకోదు. తలంటు నేను పోస్తానంటే వద్దంటుంది. నేను వెనక నుంచి వస్తే గోడకి ఆనుకుంటుంది. ఫోనేదో దాస్తోందనుకున్నాను. బ్యాగు వెతికాను, పరుపు ఎత్తి చూశాను. ఏమీ దొరకలేదు. దొరకకపోయేసరికి అనుమానం ఇంకా ముదిరింది.

ఒక ఆదివారం తలంటు పోసుకుని, పెరట్లో ముందుకు వంగి తువ్వాలుతో జుట్టు దులుపుకుంటోంది. చున్నీ లేదు. తడికి చొక్కా వీపుకి అతుక్కుపోయింది. వెన్నుకి కుడిపక్క ఎత్తుగా, ఎడమపక్క పల్లంగా ఉంది.

"ఇంకోసారి వంగు," అన్నాను.

"ఎందుకు?" అంటూనే లేచి తువ్వాలు వీపు మీద కప్పుకుంది. తనకు ముందే తెలుసని అప్పుడర్థమైంది. స్కూల్లో వెనక బెంచీ పిల్ల గూని అందట. నాకు చెబితే ఆ పిల్ల ఇంటి మీదికి పోట్లాటకి వెళ్తానని దాచిందట. నిజమే, వెళ్లేదాన్నే.

ఏలూరు తీసుకెళ్లాం. ఎక్స్‌రేలో వెన్నెముక పక్కకి వంగి కనిపించింది. "ఇంకా ఎదిగే వయసేనండి, త్వరగానే చూశారు. రోజంతా నడుముకి గట్టి బెల్టు వేస్తే వంపు పెరగకుండా ఆపే అవకాశం ఉంది. వదిలేస్తే ఆపరేషన్ దాకా పోవచ్చు," అన్నారు డాక్టరమ్మ. నాకు వెంటనే ఆవిడ మీదే అనుమానం. బెల్టు చేసేది మీ తాలూకు వాళ్లేనాండీ అని మొహం మీదే అడిగాను. మా ఆయన తల దించుకున్నారు.

"ఇంకో చోట కూడా చూపించుకోండి. ఆలస్యం మాత్రం చేయకండి," అన్నారావిడ. తాడేపల్లిగూడెంలో చూపించాం. అక్కడా అదే మాట. కొత్త అనుమానమేదీ దొరక్క మళ్లీ ఏలూరే వెళ్లాం.

ఈసారి పిల్ల అడ్డం తిరిగింది. "అంత గట్టిది యూనిఫాం కింద పెట్టుకుని రోజంతా ఎలా కూర్చుంటాను? నేను వేసుకోను." బతిమాలాను, కసిరాను. గోడ వైపు తిరిగి కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది.

డాక్టరమ్మ నన్నే చూస్తున్నారు. "ఇంట్లో ఇంకెవరికైనా ఉందాండీ?"

"మా వైపు ఎవరికీ లేదండి."

"ఒకసారి మీరూ వంగండి."

ఇందులో ఏం కిటుకుందో అనుకుంటూనే వంగాను. ఆవిడ వేళ్లు నా వీపు మీదుగా వెళ్లి ఒకచోట ఆగాయి. నా నడుం నొప్పి ఎప్పటిదో నాకే గుర్తులేదు. పొలం పనుల వల్లేనని మా అమ్మ, కాన్పుల వల్లేనని నేను సరిపెట్టుకున్నాం.

"మీకూ ఈ వంపు చిన్నప్పటి నుంచీ ఉన్నట్టుందండి," అన్నారు.

వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది. ఇంకో చెయ్యి, చిన్నది, నా వీపు మీద పడింది.

"నిన్నెవరూ చూడలేదా అమ్మా?"

వంగినదాన్ని లేవలేకపోయాను. నా కన్నీళ్లు నేల మీద పడుతున్నాయి. "బెల్టుకి కొలతలు తీసుకోండి మేడం," అంటోంది నా కూతురు.