బూట్లు విడిచి వచ్చిన కొరియరు

డాక్టర్ యజ్ఞనారాయణ గారు బ్రిటన్‌లో, కార్డిఫ్‌లో ముప్ఫై ఏళ్ళుగా మత్తు డాక్టరు. మనిషిని నిద్రపుచ్చి, పని కాగానే లేపి, ఏ కొరతా లేకుండా బంధువులకు అప్పజెప్పడం ఆయన వృత్తి. ఇన్నేళ్ళలో తన చేతిమీదుగా వెళ్ళిన ఒక్క శాల్తీ కూడా దారిలో పాడవలేదని ఆయనకు లోలోపల గర్వం. ఆ గర్వాన్ని పోయిన అక్టోబరులో, ఇరవై రెండు కిలోల పాత ఆంప్లిఫయర్ ఒకటి కోవెంట్రీకి పంపించి పోగొట్టుకున్నారు. ఆంప్లిఫయర్ క్షేమంగానే చేరింది. పాడయింది ఆయనే.

పెద్ద ఇల్లు అమ్మి రెండు గదుల ఫ్లాట్‌లోకి మారినప్పుడు ఆయన భార్య చాముండేశ్వరి గారు ఒక శాసనం జారీ చేశారు.

"ఈ పాటల పెట్టెలన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి. తొందరేం లేదు. ఆదివారం లోపల ఏదో ఒకటి చెప్పండి."

బ్రాక్‌నెల్‌లో ఉద్యోగం చేసుకుంటున్న కొడుకు నిఖిల్‌ను అడిగితే, "డాడ్, ఐ హావ్ ఎ ఫోన్" అన్నాడు. ఆ ఒక్క ముక్కతో వారసత్వం ముగిసింది. గత్యంతరం లేక యజ్ఞనారాయణ గారు ఆన్‌లైన్ అంగడి తెరిచారు.

అమ్మడం తేలిక. పంపడమే అసలు విద్య. ఆయన తొమ్మిది కొరియర్ కంపెనీలను పదకొండు గడుల పట్టికలో నిలబెట్టి విచారణ జరిపారు. కొందరు బరువును బట్టి వసూలు చేస్తారు, కొందరు పెట్టె పొడుగు వెడల్పులను బట్టి. ఒకడు పార్సిల్‌ను వానలో వదిలేసి పోతాడని వాడుకున్నవాళ్ళు రాశారు. ఒకడు గోడ మీంచి విసిరేస్తాడట. చవగ్గా ఉన్నవాణ్ణి నమ్మలేం, నమ్మగలిగినవాడు చవగ్గా లేడు, రెండూ కుదిరినవాడి నిబంధనల్లో పద్నాలుగో పేజీలో, వాడిన ఎలక్ట్రానిక్ సామాను పగిలితే బీమా వర్తించదని చిన్న అక్షరాల్లో ఉంది. చివరికి అన్ని పరీక్షలూ నెగ్గిన కంపెనీ ఒకటి దొరికింది. ముప్ఫై ఎనిమిది పౌండ్లు. ప్రకటన కింద ఆయన నిండు మనసుతో ఇలా రాశారు: "బీమాతో, ట్రాకింగ్‌తో, సంతకం తీసుకుని అందజేయబడును."

కోవెంట్రీ నుంచి డెరిక్ మార్లో అనే పెద్దాయన ఆంప్లిఫయర్ కొన్నాడు. కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడట. రవాణా ముప్ఫై ఎనిమిదీ కలిపి, మారుమాట లేకుండా కట్టేశాడు. యజ్ఞనారాయణ గారు మూడు సాయంత్రాలు కూర్చుని పెట్టెలో పెట్టె పెట్టి, నాలుగు మూలలా స్పాంజి దట్టించి, ఆపరేషన్ బల్ల మీద మనిషిని పడుకోబెట్టినంత శ్రద్ధగా ప్యాక్ చేశారు. ఇంతవరకు ఆయన ప్రవర్తనలో వేలెత్తి చూపడానికేమీ లేదు.

ఈ దేశంలో మన తెలుగువాళ్ళకు సొంత తపాలా శాఖ ఒకటుంది. దానికి ఆఫీసు లేదు, స్టాంపులు లేవు. ఫలానావాళ్ళు ఫలానా ఊరు వెళ్తున్నారని చెవిన పడితే చాలు, వాళ్ళ కారు డిక్కీలో ఆవకాయ సీసా, మందుల కవరు, చంటిపిల్ల గౌను వచ్చి కూర్చుంటాయి. ఎవరూ కాదనరు, ఎవరూ కూలి అడగరు. ఆ శనివారం అపూర్వ గారి పాప మొదటి పుట్టినరోజు భోజనాల్లో, పులిహోర పళ్ళెం పట్టుకుని నిలబడ్డ డాక్టర్ చక్రి కనిపించాడు.

"ఏమోయ్ చక్రీ, వచ్చే వీకెండ్ డ్యూటీయేనా?"

"లేదు సర్. శుక్రవారం సాయంత్రం కోవెంట్రీ పోతున్న. హాసినికి డ్యూటీ రోటాలో శని, ఆదివారం ఖాళీ దొరికినయి. నెలకొక్కసారి దొరుకుతయి సర్."

నెలకొకసారి పెళ్ళాం మొహం చూడబోతున్నవాడి మాటలో యజ్ఞనారాయణ గారికి కోవెంట్రీ ఒక్కటే వినపడింది.

"కోవెంట్రీనా! ఒకాయనకి చిన్న పార్సిల్ ఇవ్వాలోయ్."

"దాందేముంది సర్, ఇయ్యండి."

చక్రి ఆయన కింద శిక్షణ పొందుతున్న డాక్టరు. ఏడాది చివర కాగితాల మీద సంతకం పెట్టవలసింది ఆయనే. అలాంటి మనిషి 'చిన్న పార్సిల్' అంటే కాదనడానికి చక్రికి తెలుగులోనూ మాట లేదు, ఇంగ్లీషులోనూ లేదు. ఈ సంగతి యజ్ఞనారాయణ గారికి తెలుసు. తెలిసే అడిగారు. తరువాత ఆయనను అన్నిటికన్నా ఎక్కువ కాల్చింది ఇదే.

అమ్మిన సరుకని చెప్పలేదు. రవాణా ఖర్చు ముందే పుచ్చుకున్నానని అసలే చెప్పలేదు. శుక్రవారం పార్సిల్ చూసి చక్రి, "చిన్నదన్నరు కద సర్" అని నవ్వబోయి, ఎందుకైనా మంచిదని ఆపుకున్నాడు. మార్లో గారికి మాత్రం, "శనివారం ఉదయం డ్రైవర్ మీ ఇంటికి వస్తాడు" అని మెసేజ్ వెళ్ళింది. చక్రి డ్రైవ్ చేస్తాడు గనక అది అబద్ధం కిందికి రాదని యజ్ఞనారాయణ గారు తమకు తామే తీర్పు ఇచ్చుకున్నారు. మిగిలిన ముప్ఫై ఎనిమిది తిరిగి పంపించే విషయం వారి పరిశీలనలో ఉండిపోయింది.

సోమవారం మధ్యాహ్నం ఫోనులోకి మార్లో గారి ఉత్తరం వచ్చింది.

"అయ్యా, ఆంప్లిఫయర్ అద్భుతం. కాని నేను రాస్తున్నది మీ కొరియర్ మనిషి గురించి. డెబ్భై నాలుగేళ్ళలో ఇలాంటివాణ్ణి చూడలేదు. లిఫ్టు పనిచెయ్యకపోతే మూడంతస్తులు మోసుకొచ్చాడు. గుమ్మం బయట బూట్లు విడిచి లోపలికి వచ్చాడు. నాకు చేతులు వణుకుతాయని తీగలన్నీ తనే కలిపి, పాట వచ్చేదాకా నిలబడ్డాడు. నా పాదాల వాపు చూసి, ఎన్నాళ్ళ నుంచి అని అడిగి, ఈ వారమే మా పేట డాక్టరు జీపీకి చూపించుకోమన్నాడు. అయిదు పౌండ్లు ఇవ్వబోతే దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. ఇలాంటివాళ్ళ విలువ పై అధికారులకు తెలియదు. దయచేసి కంపెనీ పేరు, పార్సిల్ నంబరు ఇవ్వండి. అతన్ని మెచ్చుకుంటూ వాళ్ళకు రాయాలి."

యజ్ఞనారాయణ గారు దాన్ని రెండుసార్లు చదివారు. తిట్టిన ఉత్తరానికి జవాబు రాయడం హాస్పిటల్ వాళ్ళకు నేర్పుతారు. ఇలాంటిదానికి ఎక్కడా శిక్షణ లేదు. ఆయన మొహం చూసి చాముండేశ్వరి గారు ఫోను లాక్కుని చదివారు.

"చక్రి బంగారమండీ," అని నవ్వారు. అంతలోనే ఆగారు. "ఈ కంపెనీ ఏమిటి? నంబరేమిటి? ఆయన దగ్గర మీరు కొరియర్ డబ్బు తీసుకున్నారా?"

"అది ముందే... ప్రకటనలోనే ఉంది."

"ఎంత?"

"ముప్ఫై ఎనిమిది."

"అంటే ఆ అబ్బాయి మోశాడు, మీరు కూలి పుచ్చుకున్నారు."

"అలా కాదు చాముండీ, తిరిగి ఇద్దామనే..."

"ఎప్పుడు? నేనూ నలుగురి చేతా పచ్చళ్ళు పంపిస్తాను. సీసాకింత అని ఎవరి దగ్గరైనా పుచ్చుకున్నానా? పెద్ద డాక్టరు గారు! బల్ల మీద కనపడిన వాణ్ణల్లా నిద్రపుచ్చారు సరే, మీరెప్పుడు లేస్తారు?"

ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయారు. గిన్నెలు రోజూ కన్నా కాస్త గట్టిగా మాట్లాడుకున్నాయి.

ఆయన జవాబు రాయడానికి కూర్చున్నారు. రసీదు పోయిందని రాసి చెరిపేశారు. కంపెనీ మూతపడిందని రాశారు. శనివారం పార్సిల్ తెచ్చిన కంపెనీ సోమవారానికి మూతపడిందంటే కార్ల ఫ్యాక్టరీలో నలభై ఏళ్ళు పనిచేసినవాడు నమ్ముతాడా? అదీ చెరిపేశారు. ఆ ముప్ఫై ఎనిమిదీ గుండె జబ్బుల ధర్మసంస్థకు ఇచ్చేస్తే పాపం పోతుందా అని కూడా ఆలోచించారు. పోదు. పైగా ఆ సంస్థ కృతజ్ఞతలు చెబుతుంది. ఇంకొకరు మెచ్చుకుంటే తట్టుకునే స్థితిలో ఆయన లేరు.

చివరికి డబ్బు వెనక్కి పంపి, నాలుగు వాక్యాలు రాశారు. కొరియర్ లేదు. వచ్చినతను నా దగ్గర పనిచేసే డాక్టరు, నా మాట కాదనలేక తెచ్చాడు. మీ దగ్గర డబ్బు తీసుకున్నట్టు అతనికి తెలియదు. ఇందుకు సిగ్గుపడుతున్నాను.

గంటలో జవాబు వచ్చింది. ఈసారి 'అయ్యా' లేదు.

"డబ్బు అందింది. బూట్లు విడిచినప్పుడే ఇతను కొరియర్ కాడేమో అనిపించింది. డాక్టరని తెలిసింది గనక రేపే జీపీకి ఫోన్ చేస్తాను. ఒక మాట. అతనికి తెలియదని రాశారు. తెలుసు. ముప్ఫై ఎనిమిది పౌండ్లకు గొప్ప సర్వీసని నేనే అన్నాను. ఒక్క క్షణం ఆగి, థాంక్యూ అన్నాడు. మీరు అతనితో మాట్లాడారా?"

మాట్లాడలేదు. మర్నాడు చక్రి ఎప్పటిలాగే 'గుడ్ మార్నింగ్ సర్' అన్నాడు. ఆ గుడ్ మార్నింగ్‌లో ఎక్కడా గీత పడలేదు. గీత పడి ఉంటే యజ్ఞనారాయణ గారికి కాస్త ఊపిరాడేది. సాయంత్రం డ్యూటీ దిగాక స్టాఫ్ కార్ పార్క్‌లో పట్టుకున్నారు.

"చక్రీ, ఆ మార్లో నిన్ను కొరియర్ అనుకున్నాడట."

"అవును సర్."

"కాదని చెప్పొచ్చుగా?"

చక్రి కారు తాళం వంక చూశాడు. "ముప్ఫై ఎనిమిది కట్టిన్నన్నడు సర్. ఇగ నేను కాదంటే మీ మాట పోతది కద. ఐడీ కార్డు అడిగిండు. హాస్పిటల్ కార్డు జేబులనే ఉండె. కార్ల మర్చిపోయిన్నని చెప్పిన."

సారీ అనే మాట ఈ దేశంలో తలుపు దగ్గర ఎదురుపడ్డా అంటారు, సూది గుచ్చే ముందూ అంటారు. యజ్ఞనారాయణ గారు రోజుకు ఇరవైసార్లు అంటారు. దాన్నే ఇక్కడ వాడడానికి ఆయనకు మనసొప్పలేదు.

"తప్పు చేశాను చక్రీ. నీ చేత మోయించాను, నీ చేత అబద్ధం ఆడించాను."

"అయ్యో, ఊకోండి సర్."

"ఊరుకోవడం నాకు బాగానే వచ్చు. ఇన్నాళ్ళూ అదేగా చేశాను. ఇప్పుడు చెప్పు, నీకెంత ఖర్చయింది?"

"ఎట్లైనా పోయేదే కద సర్. ఏం కాలే."

"వద్దనిపించుకోడానికి అడగడం లేదు. నిజంగా అడుగుతున్నాను."

చక్రి తాళం జేబులో వేసుకున్నాడు. తరువాత, ఇన్నాళ్ళ పరిచయంలో మొదటిసారి, ఆయన కళ్ళలోకి చూసి చెప్పాడు.

"పార్కింగ్ ఫైన్ పడ్డది సర్. అక్కడ ఉండేటోళ్ళకే పార్కింగట. మోసి, తీగలు కలిపి కిందికి వచ్చేసరికి అద్దం మీద కాగితం. డెబ్భై. తొందరగ కడితే సగం. ముప్ఫై అయిదు కట్టేసిన."

"హాసినికి తెలుసా?"

"తెలుసు సర్."

"ఏమంది?"

"నెలకు రెండు పొద్దులు దొరికితే ఒకటి డెలివరీకి పోయిందన్నది."

యజ్ఞనారాయణ గారు కారు మీద చెయ్యి ఆనించి నిలబడ్డారు. ఆ పొద్దును తిరిగి ఇచ్చే కంపెనీ ఆయన పట్టికలోని తొమ్మిదింటిలోనూ లేదు. ఫోను తీశారు. "అకౌంట్ నంబరు చెప్పు. పెట్రోలెంత?"

"పెట్రోల్ వద్దు సర్." కాసేపు ఆలోచించాడు. "దారి తప్పి పోయినందుకు అయిదు వేసుకోండి."

"నలభై."

"నలభై సర్."

చక్రి అంకెలు ఒక్కొక్కటిగా చెబుతుంటే ఆయన చత్వారపు కళ్ళు చిట్లించి నొక్కారు. ఈ డబ్బు దేనికి పంపుతున్నారో చెప్పమని బ్యాంకు అడిగింది. కింద ఒక జాబితా.

"ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ కొట్టండి సర్," అన్నాడు చక్రి, పక్క నుంచి తొంగిచూసి.

ఆయన వేలు దాని మీద ఆగింది. తరువాత కిందికి జరిగి, చేసిన పనికి చెల్లింపు అన్న చోట నొక్కింది.