కారం చేతులతో బైపీసీ పరీక్ష

మా చిన్నప్పుడు... పదో తరగతి ఆఖరి రోజున మా సైన్సు మాస్టారు నల్లబల్ల నిండా గీతలు గీశారు. కింద 'పదో తరగతి' అని రాసి, దాని మీంచి నాలుగు దారులు... ఎంపీసీ, బైపీసీ, సీఈసీ, పాలిటెక్నిక్. ఒక్కో దారి చివర కొన్ని ఉద్యోగాలు. అద్దంకి పక్కన పల్లెటూరు మాది. అప్పటిదాకా మాకు తెలిసిన పెద్ద ఉద్యోగాలు రెండే... డాక్టరు, ఇంజినీరు.

బైపీసీ దారి చివర ఆయన 'వ్యవసాయ డిగ్రీ' అని కూడా రాశారు. పొలానికీ డిగ్రీ ఉంటుందా అని నోరెళ్ళబెట్టాను. ఆ ఏడు మా మిరపతోటకి ముడత తెగులొచ్చి ఆకులన్నీ పడవల్లా ముడుచుకుపోయాయి. మందుల కొట్టాయన ఏ డబ్బా ఇస్తే నాన్న అదే కొట్టేవాడు. ఎందుకు కొడుతున్నామో ఇంట్లో ఎవరికీ తెలీదు. నాకది తెలుసుకోవాలని పిచ్చి పట్టుకుంది.

బైపీసీ చదువుతానని చెబితే నాన్న పెద్దగా నవ్వాడు.

"పొలం పని నేర్చుకోడానికి కాలేజీ ఎందుకే? రేపట్నించి నాతో రా, నేను నేర్పిస్తా!"

అప్పట్లో ఎక్కడ చూసినా కంప్యూటర్ల గాలి. మా పెదనాన్న కొడుకు గుంటూరులో హాస్టల్లో ఉండి ఎంపీసీ చదువుతున్నాడు. నన్నూ గుంటూరులోనే ఎంపీసీలో చేర్చాలని నాన్న పట్టు. నేను రెండు రోజులు అన్నం మానేశాను. (మొండిదాన్ని లెండి... ఇప్పటికీ అంతే.) ఆఖరికి మాస్టారు ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని ఒక ఒప్పందం కుదిర్చారు. ప్రభుత్వ రెసిడెన్షియల్ కాలేజీ ఎంట్రన్సు రాసి బైపీసీ సీటు తెచ్చుకుంటే నా ఇష్టం. రాకపోతే నోరు మూసుకుని గుంటూరు, ఎంపీసీ.

ఒక్క పరీక్ష... అంతా దాని మీదే.

అమ్మ నన్ను నెల రోజులు కల్లంలో అడుగు పెట్టనివ్వలేదు. కాయలు ఏరడానికి నా వంతుకి కూడా తనే వెళ్ళింది.

పరీక్ష ముందురోజు మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు పట్టింది. కల్లం నిండా ఆఖరి కోత కాయలు ఎండుతున్నాయి. తడిస్తే రంగు పోతుంది, మిర్చి యార్డులో ఎవరూ ముట్టుకోరు.

"అమ్మాయ్! అందరూ రండే! తొందరగా!" నాన్న కేక.

అమ్మ నా వంక చూసింది. పుస్తకం బోర్లా పెట్టి పరుగెత్తాను. చేతికందినట్టు కాయలు పోగు చేసి, పట్టాలు కప్పేసరికి వాన దబదబా దిగింది. కాయలు దక్కాయి. చేతులు మాత్రం భగభగ మండాయి. సబ్బు, మజ్జిగ, కొబ్బరినూనె... అన్నీ అయ్యాయి. తెల్లారేసరికి మంట తగ్గింది, నేనూ మర్చిపోయాను.

గోళ్ళ సందుల్లో కారం మాత్రం పోలేదు.

పరీక్ష ఒంగోల్లో. హాల్లో ఉన్న ఒక్క ఫ్యానూ తిరగట్లేదు. ఇరవై ప్రశ్నలు గబగబా చేసేశాను. చెమట కంట్లోకి జారింది... వేలితో తుడుచుకున్నాను. అంతే! ఆ కన్ను నులిమితే ఇంకా మండింది, కంగారులో రెండో కన్నూ నులిమాను. జవాబు పత్రం మీద గుండ్రాలన్నీ అలుక్కుపోయి కనిపించాయి. పక్కవాళ్ళు కాగితాలు తిప్పుతున్న చప్పుడు వినిపిస్తోంది... గుంటూరు హాస్టలు నా కోసం గేటు తీసుకుని కూర్చున్నట్టే అనిపించింది.

హాల్లో కాపలా ఉన్న మేడమ్ వచ్చారు.

"ఏడుస్తావేంటమ్మా? రానివి వదిలేసి వచ్చినవి రాయి."

"ఏడుపు కాదండీ... కారం."

ఆవిడ నా చెయ్యి పట్టుకుని వాసన చూశారు. "కల్లంలోంచి వచ్చావా? జడ ముందుకేసుకో. కళ్ళు మూసుకుని ఆ వెంట్రుకలతో అద్దు. చెయ్యి మాత్రం తగలనివ్వకు!"

మా ఊళ్ళో కాయలు ఏరేవాళ్ళంతా చేసే పనే అది. నూనె రాసిన జుట్టు మంటని లాగేస్తుందంటారు. భయంలో నాకే గుర్తు రాలేదు. అద్దుకుంటూ, తెరుస్తూ, మళ్ళీ అద్దుకుంటూ... చూపు నిలబడేసరికి పావుగంట పోయింది. నేను ఆఖరి పేజీ తిప్పకముందే గంట కొట్టేశారు.

గేటు దగ్గర నాన్న నా ఎర్రటి కళ్ళు చూసి కంగారుపడ్డాడు.

"ఏమైందే?"

"కారం నాన్నా... నిన్నటిది."

ఆయన మొహం వాడిపోయింది. తువ్వాలు తడిపి ఇచ్చాడు. బస్సు అద్దంకి దాటాక ఒక్కటే అన్నాడు, "నేనే పిలిచాను కదా."

మొదటి జాబితాలో నా పేరు లేదు. నాకు ఏడుపు కూడా రాలేదు, అంత ఎండిపోయాను. ఇక గుంటూరే అనుకుని ట్రంకు పెట్టె తుడుచుకున్నాను. కానీ నాన్న కదలట్లేదు. పెదనాన్న అడిగినప్పుడల్లా "కాయలు కాటా వేశాక వెళ్తాలే" అనేవాడు. కాటా వేసి అప్పటికి వారమైంది!

రెండో జాబితా వచ్చిన రోజు పోస్టుమాన్ కవరు తెచ్చాడు. అమ్మే చింపింది... బైపీసీ సీటు.

కాలేజీలో చేర్చుకునే రోజు గుమాస్తా తలెత్తకుండానే నాన్నని అడిగాడు, "అమ్మాయికి ఏ గ్రూపండీ?"

నాన్న నన్ను ముందుకి జరిపాడు.

"చదివేది అదండీ. దాన్నే అడగండి."

ఆ మాటకి అప్పుడు ఏడ్చాను... కారం లేకుండానే.

ఆ వ్యవసాయ డిగ్రీ చదివి, ఇప్పుడు నేను మిరప రైతుల మధ్యే పని చేస్తున్నాను. నల్లబల్ల మీద నాలుగు దారులే చూసిన మాకు, ఈ కాలం పిల్లల ఫోన్లలో వందల దారులు కనిపిస్తుంటే ఆశ్చర్యమే. కానీ మొన్న వినుకొండ దగ్గర ఒక రైతుని "మీ పాప ఏం చదవాలనుకుంటోంది?" అంటే, ఆయన ఠక్కున "ఎంపీసీయేనండీ" అన్నాడు. ఆ పిల్ల పక్కనే నిలబడి కాలి బొటనవేలితో నేల మీద రాస్తోంది. అప్పటికీ ఇప్పటికీ ఇన్ని మారాయి... ఇదొక్కటి మారలేదేమో.

పిల్లని దగ్గరికి పిలిచి అడిగాను. చాలాసేపు వాళ్ళ నాన్న మొహమే చూసింది పాపం.

మీ గ్రూపు ఎవరు ఎంచారు? మిమ్మల్ని ఒక్కరైనా అడిగారా? అడిగినవాళ్ళుంటే... వాళ్ళ గురించి ఇక్కడ రెండు ముక్కలు రాయండి.