వంతెన అవతలి బెంచీ

ఆ వీధిలో ఆవిడ పేరుతో ఎవరికీ పని పడలేదు. బస్టాండు గోడకు ఆనించి కట్టిన చిన్న కొట్టులో కూర్చుని తాళంచెవులు చేస్తుంది కాబట్టి తాళాలక్క అయింది. తాళంచెవి పారేసుకున్నవాళ్లు, విరగ్గొట్టుకున్నవాళ్లు, లోపల వదిలేసి తలుపు లాగేసుకున్నవాళ్లు అందరూ ఆమె దగ్గరికే రావాలి. ఆకురాయితో ఇత్తడి ముక్కను గీకుతూ, పొడి ఊదుతూ, నాలుగు చివాట్లు పెట్టి మరీ పని చేసిపెట్టేది. అంత పెద్దవాళ్లయ్యారు, తాళంచెవి జేబులో ఉందో లేదో చూసుకోవడం ఎవరైనా వచ్చి నేర్పాలా అని అడిగేది.

మొగుడు ఒకప్పుడు బస్సు కండక్టరు. మనిషి మంచివాడే, పని మాత్రం ముట్టడు. కొట్టు ముందు స్టూలు వేసుకుని దారిన పోయేవాళ్లను ఆపి కబుర్లు చెప్పడమే ఆయన ఉద్యోగం. ఆవిడ తిట్టినవాళ్లను ఆయన నవ్వించి పంపేవాడు, అందుకే కొట్టు నడిచేది. ఆయన గుండె ఒక తీరుగా కొట్టుకోదు. కాసేపు పరుగెత్తి, కాసేపు తడబడుతుంది. అలాంటి గుండెలో రక్తం గడ్డ కడుతుందట, ఆ గడ్డ కదిలి ఏ నరంలో అడ్డం పడుతుందో తెలియదట. రక్తం పలచబడడానికి మాత్రలున్నాయి. మోతాదు తక్కువైతే గడ్డ, ఎక్కువైతే ఎక్కడపడితే అక్కడ రక్తం కారడం. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. నెలనెలా రక్తపరీక్ష చేయించి, ఆ కాగితం డాక్టరమ్మకు చూపించి, మాత్ర ఎంత వేయాలో చెప్పించుకోవాలి.

డాక్టరమ్మ ఉండేది నది అవతలి రాష్ట్రంలో, రైల్లో ఒక పగలంతా పోవాల్సినంత దూరంలో. అవతలికి బస్సు వేసుకెళ్లినప్పుడు ఆయన ఆ ఊళ్లో బస్సులోనే కుప్పకూలితే, మళ్లీ లేపి నిలబెట్టింది ఆవిడే. అలాగని ఇవతల గుండె డాక్టరు లేకపోలేదు. ఉన్న ఒక్క మహానుభావుడూ రోగి మొహం వంక చూడకుండానే మాత్ర మార్చాడు, వారం తిరక్కుండా ముక్కులోంచి రక్తం ధారగా కారింది. అప్పటినుంచీ తాళాలక్కకు డాక్టరమ్మ మీదే గురి. ఆవిడ ఫోన్లో, వీడియోలో కూడా చూస్తుందని తెలిసిన రోజు ఇద్దరూ పండగ చేసుకున్నారు.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అన్నారా! చట్టం ఒకటుంది. ఫోన్లో చూసినా సరే, రోగి ఎక్కడ కూర్చుంటే వైద్యం అక్కడ జరిగినట్టే లెక్క. డాక్టరమ్మ లైసెన్సు ఆవిడ రాష్ట్రం వరకే చెల్లుతుంది. రోగి ఇవతలి ఒడ్డున ఉంటే, ఆవిడ తన కుర్చీలోంచి కదలకపోయినా, లైసెన్సు లేకుండా ఇక్కడికొచ్చి వైద్యం చేసినట్టే. అందుకని ప్రతిసారీ ముందుగా అడిగి తీరాల్సిన ప్రశ్న ఒకటుంది. మీరిప్పుడు ఎక్కడున్నారు?

మొదటిసారి తాళాలక్క ఏమీ తెలియక, ఎక్కడుంటామమ్మా, మా ఇంట్లోనే అని చెప్పేసింది. డాక్టరమ్మ ఏ ఊరని అడిగింది, విన్నది, క్షమించమంది. ఇంక ఒక్క మాట విన్నా తన లైసెన్సుకే ఎసరట. వంతెన దాటి ఇటువైపుకొచ్చి ఫోన్ చేయండి అని చెప్పి కాల్ ఆపేసింది. ఒళ్లో రక్తపరీక్ష కాగితం అలాగే ఉంది, చేతిలో ఫోను నల్లగా అయిపోయింది. తాళాలక్క ఆ నల్లటి ఫోనునే ముందు పెట్టుకుని చాలాసేపు తిట్టింది.

వంతెన దిగగానే అవతల ఒక టీ కొట్టు ఉంది. నీలం ప్లాస్టిక్ పట్టా పందిరి, దాని కింద ఒక పొడుగాటి బెంచీ. ఇవతలి ఊళ్లో రోగులందరికీ ఆ బెంచీయే ఆసుపత్రి. ఒకరు గజ్జి చూపించుకుంటుంటే పక్కవాళ్లు టీ గ్లాసుతో సహా అటు తిరిగి కూర్చునేవారు. కడుపుతో ఉన్నవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని గుసగుసలాడినా, సగం మాటలు టీ కొట్టాయన చెవిన పడనే పడేవి. ఎవరి టీలో చక్కెర వేయకూడదో ఆయన అడక్కుండానే నేర్చుకున్నాడు. డాక్టర్ల కంప్యూటర్లలో ఇంతమంది రోగులకూ చిరునామా ఆ టీ కొట్టే. ఇంతమంది నా కొట్లో కాపురముంటే నేనెక్కడ పడుకోవాలి అని ఆయన ఎకసెక్కాలాడేవాడు. మీరెక్కడున్నారని డాక్టరమ్మ అడిగితే, చట్టం ఒళ్లో కూర్చున్నానమ్మా అనేవాడు కండక్టరు. ఆవిడ నవ్వు ఆపుకుంటూ రాసుకునేది.

రానురాను వంతెన ఎక్కడం ఆయన వల్ల కాలేదు. నాలుగడుగులు వేసి కమ్మీ పట్టుకుని నిలబడిపోయేవాడు. ఇవతలి ఆటోలను వంతెన దాటనివ్వరు, దాటించే బస్సు ఎక్కడో వెళ్లి ఆగుతుంది. అయితే ఇలాంటివాళ్లు వీధిలో ఇంకా ఉన్నారు, అవసరం ఎవరికో ఉపాయం నేర్పింది. టీ కొట్టు పందిరిలాంటి నీలం పట్టా ఒకటి కొనుక్కొచ్చి, ఇంట్లో గోడకు కట్టి, దాని ముందు కూర్చుని ఫోన్ చేశారు. డాక్టరుకు కనపడేది మొహం, వెనకాల నీలం రంగు, అంతేగా. ఆ పట్టా ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టింది. ఇవాళ ఎవరికి వీడియో ఉంటే వాళ్లింట్లో వేలాడేది. డాక్టర్లకు తెలియదా అంటే, తెలియకుండా ఉండడానికి వాళ్లే కొంచెం కష్టపడుతున్నారేమోనని తాళాలక్కకు అనుమానం. ఆ అనుమానాన్ని ఆవిడ పైకి అనలేదు. అంటే చాలు, నడిచేది కూడా ఆగిపోతుందని భయం.

ఆ రోజు డాక్టరమ్మ చూడాల్సిన రోజే. కండక్టరు చొక్కా బొత్తాలు పెట్టుకోలేకపోయాడు. చెయ్యి మొద్దుబారింది, పక్క మీద సరిగ్గా పడుకోలేదు అన్నాడు. మాట కూడా కాస్త ముద్దగా వచ్చింది. నిద్రమత్తనుకుంది ఆవిడ. అయినా లోపల ఏదో పీకింది, కొట్టు తెరవలేదు. ఎదురింటి నుంచి పట్టా తెచ్చి మేకులకు తగిలించి, ఆయన్ను దాని ముందు కూర్చోబెట్టి, టైముకి ముందే ఫోన్ చేసింది.

డాక్టరమ్మ అడగాల్సిన ప్రశ్న అడిగింది. వంతెన దిగగానే టీ కొట్టుందే, అక్కడేనమ్మా అని తాళాలక్క తడుముకోకుండా చెప్పింది. కండక్టరు ఏ జోకూ వేయలేదు. డాక్టరమ్మ ఒక్క క్షణం ఆయన మొహంలోకే చూసింది.

"కండక్టరు గారూ, ఒకసారి నవ్వండి."

ఆయన నవ్వాడు. సగం మూతే నవ్వింది, రెండో సగం కిందికి జారిపోయింది. రెండు చేతులూ ఎత్తమంది. ఎడమది లేచి నిలబడింది, కుడిది లేచినట్టే లేచి ఒళ్లో పడిపోయింది. పడిపోయిన చేతి వంక ఆయన ఎవరిదో చెయ్యన్నట్టు చూశాడు.

"అమ్మా, ఆయన్ని పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో నీళ్లు కూడా పోయొద్దు. అంబులెన్సు పంపిస్తున్నాను, మీరున్న చోటుకే వస్తుంది."

మీరున్న చోటు అంటే తాళాలక్క చెప్పిన చోటు. చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి అనుకుంది. కానీ నిజం చెప్పగానే కాల్ ఆగిపోతుంది, మొదటిసారి ఆగినట్టే ఆగిపోతుంది. గదిలో ఆయనున్నాడు, ఆయన నోటెమ్మట చొంగ కారుతోంది. ఏం చేయాలో తెలిసిన మనిషి ఈ ప్రపంచంలో ఒక్కరే ఉన్నారు, ఆ ఒక్కరూ ఫోన్లో ఉన్నారు. ఆ మొహం మాయమైతే తనకు దిక్కెవరు? అమ్మా వింటున్నారా అని డాక్టరమ్మ అడిగితే, ఆ, వింటున్నానంది. పడుకోబెట్టానంది. ఊపిరి ఆడుతోందంది. అన్నీ చెప్పింది, ఆ ఒక్కటి తప్ప.

అంతలో నది మీది నుంచి సైరన్ వినిపించింది. దూరంగా మొదలై, పెద్దదై, అవతలి ఒడ్డునే ఆగిపోయింది. టీ కొట్టు ముందు ఆగి ఉంటుంది. రోగి ఏడీ అని టీ కొట్టాయనను అడుగుతూ ఉంటారు.

"డాక్టరమ్మా, మేం అక్కడ లేం. ఇంట్లో ఉన్నాం, ఇవతల."

డాక్టరమ్మ కళ్లు మూసుకుంది. కాల్ మాత్రం ఆపలేదు. అది చూసి తాళాలక్కకు ఏడుపు తన్నుకొచ్చింది. ఇంతసేపూ భయపడింది దేనికి? కానీ ఏడవడానికి కూడా టైము లేదు. అవతలి అంబులెన్సుకు వంతెన దాటే అనుమతి లేదు. డాక్టరమ్మ నొక్కే నంబరు ఆవిడ రాష్ట్రంలోనే మోగుతుంది. ఇవతలి అంబులెన్సును పిలవాలంటే ఇవతలి ఫోనుతోనే పిలవాలి, ఆ ఇంట్లో ఉన్నది ఆ ఒక్క ఫోనే. నన్ను కట్ చేసి మీ నంబరుకు చేయండమ్మా, తొందరగా అంది డాక్టరమ్మ. ఏ మొహం పోతుందని నోరు మూసుకుని కూర్చుందో, ఆ మొహాన్ని తాళాలక్క తన వేలితోనే నొక్కి ఆపేసింది.

ఇవతలి అంబులెన్సు రావడమైతే వచ్చింది. ఆసుపత్రిలో వాళ్లు ఎప్పుడు మొదలైందని అడిగారు, తలలు అడ్డంగా ఊపారు, గడ్డ కరిగించే మందు ఇచ్చే వేళ ఇప్పుడే దాటిందన్నారు. కొంచెం ముందు తేవాల్సిందమ్మా అని ఒకాయన మెత్తగా అన్నాడు. ఆ మెత్తదనానికి ఆవిడ ఒళ్లు మండిపోయింది. మనిషి దక్కాడు. కుడి పక్క పోయింది, మాట పోయింది. ఏం అడిగినా ఆ అనే ఒక్క శబ్దమే వస్తుంది. అవునన్నా అదే, కాదన్నా అదే, ఆకలన్నా అదే.

వీధివాళ్లు చూడ్డానికి వచ్చారు. అబద్ధం చెప్పకుండా ఉండాల్సింది కదా అక్కా అన్నారు. ఎవరు? పట్టా ఇచ్చినవాళ్లే. వచ్చినప్పుడే గోడకున్న పట్టా విప్పి మడతపెట్టుకుని పట్టుకుపోయారు.

డాక్టరమ్మ జరిగింది జరిగినట్టు తనే పైవాళ్లకు చెప్పుకుందట. ఇక రోగులను వీడియోలో చూడొద్దని ఆవిడను ఆపేసి, విచారణ వేశారు. ఆ విచారణ కూడా ఫోన్లోనే, వీడియోలోనే. టై కట్టుకున్న అధికారి ఒకాయన కనిపించి, నియమం ప్రకారం మొదట అడగాలి, మీరిప్పుడు ఎక్కడున్నారన్నాడు. మా ఇంట్లో, ఇవతలి ఒడ్డున, కావాలంటే గోడ చూపిస్తానంది. ఆయన నవ్వలేదు. మీరు అవతలి చిరునామా ఎందుకిచ్చారని అడిగాడు. రోగికి ప్రాణం మీదికొస్తే సాయం పంపడానికే ఆ ప్రశ్న అడుగుతారు, అది మీకు తెలియదా అన్నాడు.

తాళాలక్కకు నిజంగా తెలియదు. అది గేటు దగ్గర కాపలావాడు అడిగే ప్రశ్న అనుకుంది, వీధి వీధంతా అలాగే అనుకుంది.

"సాయం పంపడానికని ఎవరు చెప్పారు బాబూ మాకు? ఇంట్లో ఉన్నామంటే డాక్టరమ్మను లాగేసుకున్నారు. బెంచీ మీదున్నామంటే అంబులెన్సు అక్కడికి పోయింది. రెండూ ఒకే ప్రశ్నలో పెట్టింది మీరు. నన్నేం చెప్పమంటారు?"

అది ఈ విచారణ పరిధిలోకి రాదన్నాడు ఆయన. మీరు అబద్ధం చెబుతున్నట్టు డాక్టరుకు తెలుసా అన్నాడు. తెలియదు, ఆవిడకేమీ తెలియదంది తాళాలక్క. ఇంకొకటి మిగిలిందన్నాడు. డాక్టరు తన వైపు వాదన చెప్పుకోవాలంటే రోగి జబ్బు వివరాలు బయట పెట్టాలి, దానికి రోగి తన నోటితో ఒప్పుకోవాలి. పెద్దవాళ్ల తరఫున ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటే చెల్లదు. ఒప్పుకోలేదంటే ఆ వాదన లేకుండానే తీర్పు రాయాల్సి ఉంటుంది. ఆయనకు మాట పోయింది బాబూ అని ఆవిడ చెప్పింది. ఎంత వస్తే అంతే చెప్పమనండి, రికార్డులో ఉండాలి అన్నాడు.

తాళాలక్క మంచం దగ్గరికి వెళ్లి, డాక్టరమ్మ కోసమయ్యా, ఒప్పుకున్నానని చెప్పు అంది. ఫోను ఆయన మొహానికి తిప్పింది. ఆయనకు అర్థమైంది. ఎడమచేత్తో మంచం పట్టీ పట్టుకున్నాడు, మెడ నరాలు ఉబ్బాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ అన్నాడు. అధికారి చెవి ముందుకు పెట్టాడు. ఆయన మళ్లీ ఆ అన్నాడు.

"కొంచెం గట్టిగా చెప్పమనండమ్మా" అన్నాడు అధికారి. "ఇటు సరిగ్గా వినపడ్డంలేదు."