భీమప్ప చింతపండు నీళ్లు

ఎమ్మిగనూరులో నూలుకు రంగు వేసే భీమప్ప 1955 శ్రావణంలో ఒకరోజు మొదటి బస్సుకే ఆదోని వచ్చి, నేను కెమిస్ట్రీ చెప్పే హైస్కూలు ముందు నిలబడ్డాడు. నిలబడ్డాడనడం అబద్ధం, కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే ఉన్నాడు. తువ్వాలులో చిలప, అంటే నూలు కట్ట, ఒకటి ఉంది. ఎర్రగా ఉండాల్సింది, సగం తెల్లగానే ఉండిపోయింది.

నేతగాళ్లు కొత్త నాఫ్తాల్ రంగు వేయమని నలభై చిలపలిచ్చారట. ఇరవై ఇలాగే చెడ్డాయి. రేపటికి మిగతా ఇరవై కూడా చెడితే రంగు పని పోయినట్టే, ఆదోని మిల్లులో పత్తి మూటలు మోయాలి. వాళ్ల నాయన, తాత ఎవరూ మోయలేదు.

ఎలా వేశావని అడిగాను. నాఫ్తాల్ పొడిని కాస్టిక్ సోడాలో కరిగించి చిలప ముంచాడు, పిండాడు. అక్కడ ఆగి నేల చూశాడు. తర్వాత చింతపండు నీళ్లలో ముంచాడట, ఆ తర్వాతే ఎరుపు తేల్చే రెండో సాల్టు నీళ్లలో. ఎరుపు వేస్తే పులుపు చూపించాలని వాళ్ల నాయన చెప్పిపోయాడు.

నాకు ఒళ్లు మండింది. ఆరు కార్బన్ల వలయానికి ఓహెచ్ నేరుగా అతుక్కుంటే ఫీనాల్. నాఫ్తాల్ దానికి రెండు వలయాల దాయాది. పైకి ఆల్కహాల్‌లా కనిపిస్తుంది కానీ, లోపల కొంచెం ఆమ్ల గుణం. కాస్టిక్ సోడా దాని హైడ్రోజన్ లాగేసుకుంటేనే నీళ్లలో కరుగుతుంది, రెండో సాల్టును చప్పున పట్టుకుంటుంది. పులుపు ఆ హైడ్రోజన్‌ను తిరిగి ఇచ్చేస్తుంది. ఇక అది పొడై విడిపోతుంది, ఎవరినీ పట్టుకోదు. ఇదంతా అరిచి చెప్పాను. అతనికి అర్థమైంది ఒక్కటే, తప్పు నాయన నీళ్లది.

సెలవు పెట్టి వెంట వెళ్లాను. బస్సులో తువ్వాలు ముడి విప్పుతూ, వేస్తూ, "అయితాదా అయ్యవారూ?" అని పదిసార్లు అడిగాడు.

ఇంట్లో పులుపు లేకుండా ఒక చిలప ముంచాం. రెండో సాల్టు తొట్టిలో పడగానే ఎరుపు పుట్టింది. అతని భార్య భీమమ్మ దేవుడికి దండం పెట్టింది. సాయంత్రానికి ఇరవై చిలపలూ ఎర్రబడ్డాయి. అయినా భీమప్ప కుదురుగా లేడు. చింతపండు కుండ చుట్టూ తిరుగుతున్నాడు.

"మా నాయన నీళ్లు ఇంగ వద్దా అయ్యవారూ?"

పొద్దున అరిచినందుకు నాకు సిగ్గేసింది. ఒకసారి పుట్టిన ఎరుపును చింతపండు ఏమీ చేయలేదు.

"ఇప్పుడు ముంచుకోప్పా. ఏం కాదు."

ఇరవై చిలపలనూ ఒక్కొక్కటే ముంచి ఆరేశాడు. అప్పుడు కూర్చున్నాడు.