రాక్షసుడి ఒడిలో మా తమ్ముడు

నా చిన్నప్పుడు ఖానాపూర్ దగ్గర మా ఊరికి ఏటా చిందు భాగోతం వాళ్లు వచ్చేవారు. ఆట ఆడిన మర్నాడు ఆ వేషాలతోనే ఇంటింటికీ తిరిగి ధాన్యం అడగడం వాళ్ల ఆనవాయితీ. కృష్ణుడి వేషానికి ఆడవాళ్లు హారతి పట్టేవారు. రాక్షసుడు వాకిట్లోకి వస్తే మాత్రం పిల్లల్ని లోపలికి లాగేసి, ధాన్యం దూరం నుంచే పోసేవారు. నేనైతే ఆ ఎర్రరంగు, కోరమీసాలు, ఆ అరుపు తలుచుకుని అన్నం కూడా మానేసే పిరికిదాన్ని.

ఆ ఏడు మా అవ్వకు, అంటే మా అమ్మకు, కాన్పయిన కొన్నాళ్లకే జ్వరం పట్టుకుని పాలు ఇంకిపోయాయి. మేకపాలు పోస్తే తమ్ముడు కక్కేసేవాడు. ఏడ్చి ఏడ్చి వాడి గొంతు పిల్లికూన గొంతయింది. వాడు దక్కుతాడన్న నమ్మకం ఇంట్లో ఎవరికీ లేదు.

సరిగ్గా అప్పుడే రాక్షసుడు వచ్చాడు. నాయనమ్మ చాటలో జొన్నలు తెచ్చింది, నేను ఆమె కొంగు వెనక దాక్కున్నాను. లోపల తమ్ముడు ఏడ్చాడు. అంతే, రాక్షసుడి అంగీ ఛాతీ దగ్గర తడిసిపోయింది. సిగ్గుపడి రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నాడు. నాకేమీ అర్థం కాలేదు గానీ నాయనమ్మకు అర్థమైంది. చాట అక్కడే వదిలేసి, లోపలికి వెళ్లి తమ్ముణ్ని ఎత్తుకొచ్చింది.

"ఇయ్యకే నాయనమ్మా, తమ్మున్ని తింటడు!" అని గుండెలు బాదుకున్నాను.

"బిడ్డ ఎండిపోయిండు, జర ఇటియ్యి అవ్వా," అన్నాడు రాక్షసుడు.

ఆడగొంతు! మీసం తీయలేదు, రంగు కడగలేదు. అరుగు మీద కూర్చుని, కొయ్య భుజకీర్తులు విప్పి, తమ్ముణ్ని రొమ్ముకు హత్తుకుంది ఆ తల్లి. తన చంటిబిడ్డను బసలో పెద్దకూతురికి అప్పగించి వచ్చిందట. తమ్ముడు గుటకలు వేస్తుంటే నేను గుడ్లప్పగించి నిలబడ్డాను.

పక్కింటి పెద్దమ్మ చూసి నోరు నొక్కుకుంది. "కులం తక్కువ చిందోళ్ల పాలా? ఊరంత ఏమంటది?"

"ఊరచ్చి పాలు తాపుతదా?" అంది నాయనమ్మ.

అవ్వకు నెమ్మదించేదాకా ఆమె పూటపూటకీ వచ్చి పాలిచ్చి పోయింది. తమ్ముడికి ఇప్పుడు మనవలున్నారు. ఎవరి మొహమో చూసి, ఎవరి గురించో నలుగురూ అన్నది విని నా మనసు వెనక్కి తగ్గబోతే, వాడి గుటకలు వినిపిస్తాయి. ఆ రోజు మేమూ దూరం నుంచే జొన్నలు పోసి ఆమెను పంపేసి ఉంటే?